విముక్తికి 49 ఏళ్ల వాయిదాలు



రాజుల కీర్తి ఎవరు రాశారు, ఎవరి తిండి తిని రాశారు అని గత భాగంలో మాట్లాడుకున్నాం. దానికి వచ్చిన జవాబుల్లో ఒక మాట పదే పదే కనిపించింది. "సర్, మన రాజుల సంగతి సరే, ప్రపంచంలో మంచి రాజులే లేరా? రష్యాలో కేథరిన్ అంత చదువుకున్న రాణి ఉంది, రెండో అలెగ్జాండర్ లాంటి విమోచకుడు ఉన్నాడు. పైనుంచి కూడా మార్పు వస్తుంది కదా?"

ఈ ప్రశ్న వేసినవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్‌కో నెట్‌కో చదువుకుంటున్న మన పిల్లలే. గైడుల్లో అలాగే ఉంటుంది మరి. పీటర్ ది గ్రేట్. కేథరిన్ ది గ్రేట్. అలెగ్జాండర్ ది లిబరేటర్. ఒక మార్కు బిట్టు. టిక్కు పెట్టి ముందుకు పోతాం.

ఇవాళ ముందుకు పోకుండా ఆగుదాం. రష్యా రాజుల చరిత్రను సింహాసనం మీద కూర్చుని చదివితే ఒక సంస్కర్త తర్వాత ఇంకో సంస్కర్త కనిపిస్తాడు. పొలంలో నిలబడి చదివితే, ప్రతి "మహా" ప్రభువు కాలంలోనూ కాలి గొలుసు ఇంకొంచెం బిగుసుకోవడం కనిపిస్తుంది. చివరికి ఆ గొలుసు తీసినవాడు కూడా దాని ఖరీదు కట్టి, వడ్డీతో వసూలు చేశాడు.

ముందుగా సెర్ఫు అంటే ఎవరో చూద్దాం. 1649లో జార్ అలెక్సేయ్ మిఖైలోవిచ్ తెచ్చిన చట్టం, పారిపోయిన రైతును ఎన్నేళ్ల తర్వాతైనా పట్టుకొచ్చి దొరకు అప్పగించొచ్చంది. అంతకుముందు వెతకడానికి ఒక గడువు ఉండేది. అది పోయింది. రైతు, అతని పిల్లలు, వాళ్ల పిల్లలు అందరూ దొర సొత్తయ్యారు. వారంలో ఇన్ని రోజులు దొర పొలంలో వెట్టి, లేదా ఏడాదికింత అని పన్ను. పెళ్లికి దొర అనుమతి కావాలి. దొర కొట్టొచ్చు, అమ్మొచ్చు.

అలెక్సేయ్ కొడుకే పీటర్. యూరప్ వెళ్లి ఓడలు కట్టడం నేర్చుకున్నాడు, దొరల గడ్డాలు గీయించాడు, 1703లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పునాది వేశాడు. ఇవన్నీ గైడులో ఉంటాయి. ఆ నగరాన్ని చిత్తడి నేలలో కట్టడానికి పల్లెల నుంచి తోలుకొచ్చిన మనుషులు వేలల్లో చచ్చారన్నది ఉంటే ఒక వాక్యంలో ఉంటుంది. సైన్యం ఖర్చుకు పీటర్ తలపన్ను వేశాడు. మగవాళ్లను లెక్కబెట్టి రాసుకున్నారు. ఆ లెక్కలో మనిషికి పేరు "ఆత్మ". ఫలానా దొరకు వెయ్యి ఆత్మలున్నాయంటే వెయ్యి మంది మగ సెర్ఫులున్నారని అర్థం. ఆడవాళ్లు ఆ లెక్కలో ఆత్మలు కూడా కాదు. గొగోల్ "మృత జీవులు" నవల నడిచేది ఈ లెక్క మీదే. చచ్చిపోయినా మళ్లీ జనాభా లెక్క తీసేదాకా కాగితం మీద బతికుండి పన్ను కట్టే సెర్ఫులు!

ఇప్పుడు కేథరిన్. జర్మనీ రాజకుమారి, రష్యా కోడలు. 1762లో భర్త మూడో పీటర్‌ను దింపేసి గద్దెనెక్కింది. కొన్ని రోజులకే ఆ భర్త బందీగా ఉన్నచోట హతమయ్యాడు. వోల్టేర్‌తో ఉత్తరాలు నడిపింది. దిదరో గ్రంథాలయం కొని, ఆయన్నే దానికి సంరక్షకుడిగా ఉంచి జీతమిచ్చింది. స్వేచ్ఛ గురించి, చట్టం ముందు సమానత్వం గురించి 1767లో "నకాజ్" అనే పెద్ద ఉపదేశ పత్రం రాసింది. కొత్త చట్టాల కోసం ప్రతినిధుల సభ కూడా పిలిచింది. దొరలొచ్చారు, వర్తకులొచ్చారు, ప్రభుత్వ భూముల రైతులూ వచ్చారు. దొరల కింద ఉన్న సెర్ఫులకు మాత్రం ఒక్క ప్రతినిధి లేడు.

ఇక్కడ ఒక కథ చెప్పాలి. ఇది రాణి కథ కాదు, ఇద్దరు సెర్ఫుల కథ. సవేలీ మార్తీనొవ్, యెర్మొలాయ్ ఇల్యీన్. వీళ్ల దొరసాని దార్యా సాల్తికోవా. నేల సరిగా కడగలేదని, బట్ట సరిగా ఉతకలేదని పనిమనుషుల్ని కొట్టి చంపేది. ఎక్కువమంది ఆడవాళ్లే. ఇల్యీన్ ముగ్గురు భార్యలు ఒకరి తర్వాత ఒకరు ఆమె చేతుల్లో పోయారు. అంతకుముందు ఫిర్యాదు చేసినవాళ్లను అధికారులు లంచం తిని తిరిగి ఆమెకే అప్పగించారు. 1762లో ఈ ఇద్దరూ ప్రాణాలకు తెగించి కొత్త రాణికే నేరుగా అర్జీ అందించారు. విచారణ ఏళ్లకేళ్లు సాగింది. 38 మంది చావుకు ఆమే కారణమని తేల్చారు. 1768లో ఆ దొరసానిని మాస్కోలో వేదిక మీద గంటసేపు నిలబెట్టి, తర్వాత మఠంలో చీకటి కొట్లో వేశారు.

"చూశారా, రాణి న్యాయం చేసింది" అంటారు. ఆగండి. ఆ విచారణ ఇంకా నడుస్తుండగానే, 1767 ఆగస్టులో, నకాజ్ రాసిన ఆ ఏడాదే, అదే చేత్తో కేథరిన్ ఇంకో ఆజ్ఞ ఇచ్చింది. ఇకనుంచి ఏ సెర్ఫూ తన దొర మీద రాణికి అర్జీ పెట్టకూడదు. పెడితే కొరడా దెబ్బలు, ఆపైన నెర్చిన్స్క్ గనుల్లో యావజ్జీవ వెట్టి. మార్తీనొవ్, ఇల్యీన్ ఏ దారిన న్యాయం తెచ్చుకున్నారో ఆ దారినే మూసేసింది. ఒక దొరసానికి శిక్ష వేసింది, మిగతా దొరలందరికీ రక్షణ ఇచ్చింది. అట్రాసిటీ కేసు పెట్టడానికి స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లకు ఈ తర్కం విడమర్చి చెప్పక్కర్లేదు.

తన ఏలుబడిలో ఆమె ప్రియులకు, సేనానులకు కానుకలుగా ఇచ్చిన రైతులు ఆడా మగా కలిపి సుమారు 8 లక్షలని చరిత్రకారులు లెక్క చెబుతారు. 1783లో ఉక్రెయిన్ రైతులను కూడా నేలకు కట్టేసింది. 1785లో దొరలకు హక్కుల పత్రం ఇచ్చింది. 1790లో రదీష్చెవ్ అనే అధికారి సెర్ఫుల బతుకు మీద పుస్తకం అచ్చువేస్తే, ఇతను పుగచోవ్ కంటే ప్రమాదకారి అని మండిపడింది. మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని సైబీరియా ప్రవాసంగా మార్చింది. వోల్టేర్ మిత్రురాలు!

పుగచోవ్ ఎవరు? యాయిక్ నది ఒడ్డున 1773లో తిరుగుబాటు లేపిన కొసాక్కు. అతని వెనక సెర్ఫులు, కర్మాగారాల కూలీలు, బష్కీర్లు నడిచారు. 1774 జూలైలో అతను ప్రకటించాడు: రైతులంతా స్వతంత్రులు, భూములు, అడవులు, గడ్డిమైదానాలు, చేపల రేవులు మీవే, పైసా కట్టక్కర్లేదు. దొరల్ని ఉరితీయమని కూడా చెప్పాడు, తీశారు కూడా. ఆ నెత్తుటిని దాచను. 1775 జనవరిలో మాస్కోలో అతని తల నరికారు. అప్పటికీ రాణి భయం తీరలేదు. ఈ తిరుగుబాటును జనం మరిచిపోవాలని యాయిక్ నది పేరునే మార్చేసింది. ఇవాళ పటంలో మనం చూసే ఉరల్ నది అదే. మన వాడల పేర్లు, మన పోరాటాల పేర్లు ఎలా మాయమవుతాయో ఆలోచించేవాళ్లు ఆ నదిని గుర్తుపెట్టుకోండి.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలదు. పుగచోవ్ కూడా "నేను పుగచోవ్‌ని" అని చెప్పలేదు. "నేను చావకుండా తప్పించుకున్న జార్ మూడో పీటర్‌ని" అన్నాడు. తిరుగుబాటుకు కూడా రాజు ముసుగు కావాల్సి వచ్చింది. రాజు మంచివాడు, చుట్టూ ఉన్న దొరలే చెడ్డవాళ్లు అనే నమ్మకం అంత లోతుగా దిగింది. ఈ నమ్మకం ఖరీదు తర్వాత చెబుతాను.

రష్యన్ సాహిత్యం మనకు కొత్త కాదు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణలు తెలుగులో చవగ్గా వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావు, రా.రా. మాస్కోలో ఉండి అనువదించారు. ఆ పుస్తకాల్లోని ఎస్టేట్లు, వసారాలు, సమోవార్లు మనకు గుర్తున్నాయి. ఆ సమోవార్‌లో నిప్పులు వేసినవాడి పేరు ఎంతమందికి గుర్తుంది? టాల్‌స్టాయ్ కౌంట్. తుర్గేనెవ్ తల్లి వేలాది సెర్ఫుల యజమానురాలు. వాళ్లు దొరతనాన్ని ఎండగట్టలేదని నేననను. కానీ సెర్ఫుగా పుట్టి కలం పట్టినవాడు ఉక్రెయిన్ కవి తరాస్ షెవ్‌చెంకో. 1814లో పుట్టాడు. 24 ఏళ్లకు అతన్ని దొర దగ్గర కొని విడిపించారు. ఒక చిత్రకారుడు వేసిన బొమ్మను లాటరీ వేసి పోగుచేసిన ఆ ధర 2500 రూబుళ్లు. 1847లో జార్ ఒకటో నికొలాయ్ ఆ కవిని సైనికుడిగా ప్రవాసం పంపాడు. రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని షరతు. ఇదే నికొలాయ్ 1842లో, సెర్ఫుదనం దుర్మార్గమే, కానీ ఇప్పుడు దాన్ని ముట్టుకుంటే ఇంకా పెద్ద దుర్మార్గం అన్నాడు. "ఇది సమయం కాదు" అనే మాట మనమూ ఎన్నిసార్లు విన్నాం?

అతని కొడుకు రెండో అలెగ్జాండర్‌కు సమయం ఎందుకొచ్చింది? క్రిమియా యుద్ధంలో ఓడిపోయారు. పల్లెల్లో గొడవలు పెరిగాయి. 1856లో మాస్కో దొరలతో అతనే అన్నాడు: కింది నుంచి అది తనంతట తాను రద్దయ్యేదాకా చూసేకంటే, పైనుంచి మనమే రద్దు చేయడం మేలు. విమోచకుడి గుండెలో ఉన్నది దయ కాదు, లెక్క.

1861 ఫిబ్రవరి 19న (పాత రష్యన్ క్యాలెండర్) సంతకం పెట్టాడు. 2 కోట్ల పైచిలుకు సెర్ఫులు. మనుషుల్ని అమ్మడం ఆగింది. ఇష్టమొచ్చినవాళ్లను పెళ్లాడొచ్చు, సొంతంగా ఆస్తి పెట్టుకోవచ్చు. అది చిన్న విషయం కాదు. చిన్నదనేవాళ్లు ఎప్పుడూ అమ్ముడుపోనివాళ్లే.

ఇప్పుడు బిల్లు చూడండి. తరతరాలుగా దున్నిన నేలను రైతు దొర దగ్గర కొనుక్కోవాలి. చాలాచోట్ల మంచి నేలలోంచి కొంత కోసి దొర ఉంచుకున్నాడు. ధర ఎలా కట్టారు? నేలను చూసి కాదు. రైతు దొరకు ఏటా కట్టే పన్నును 6 శాతం వడ్డీ అనుకుని, అంత వడ్డీ ఎంత అసలు మీద వస్తుందో అదే ధర అన్నారు. అంటే ఏటా 6 రూబుళ్లు కట్టే రైతు నెత్తిన 100 రూబుళ్లు. ఆ పన్ను చాలామంది పట్నంలో కూలి చేసి, బండి తోలి తెచ్చి కట్టేవాళ్లు. అంటే బిల్లులో ఉన్నది నేల ధర ఒక్కటే కాదు, రైతు ఒంటి ధర కూడా. దొరకు ప్రభుత్వం సుమారు 80 శాతం ముందే బాండ్లుగా ఇచ్చేసింది. రైతు ప్రభుత్వానికి 49 ఏళ్లు వాయిదాలు కట్టాలి. దొర ఇంట్లో పనిచేసేవాళ్లకు గుంట నేల కూడా లేదు. ఊరంతా కలిసి బాకీకి జామీను కాబట్టి ఊరు విడిచిపోవాలంటే అనుమతి కావాలి. బెత్తం దెబ్బల శిక్ష రైతుకు 1904 దాకా ఉంది. వాయిదాలు పూర్తిగా ఆగింది 1907లో. అదీ 1905లో ఎస్టేట్లు తగలబడ్డాక!

1861 ఏప్రిల్‌లో కజాన్ ప్రాంతంలో బెజ్ద్నా అనే ఊళ్లో అంతోన్ పెత్రొవ్ అనే రైతు, చదవడం వచ్చినవాడు, ఆ చట్టాన్ని తిరగేసి జనానికి చెప్పాడు. జార్ ఇచ్చింది పూర్తి స్వేచ్ఛే, దొరలు దాచారు అన్నాడు. వేలమంది చేరారు. చూశారా, మళ్లీ అదే మంచి రాజు. ఆ మంచి రాజు సైన్యమే వచ్చి నిరాయుధుల మీద కాల్చింది. సర్కారు లెక్కలోనే 50 మందికి పైగా చనిపోయారు. పెత్రొవ్‌ను సైనిక విచారణ జరిపి కాల్చేశారు. నమ్మకం ఖరీదు ఇది.

కజాన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆ చనిపోయినవాళ్లకోసం సంతాప ప్రార్థన పెట్టారు. అక్కడ చరిత్ర చెప్పే అఫనాసీ ష్చాపొవ్ వచ్చి మాట్లాడాడు. సైబీరియా పల్లె వాడు, తల్లి వైపు బుర్యాత్ మూలాలున్నవాడు. అరెస్టు చేశారు. ఉద్యోగం పోయింది. తర్వాత సైబీరియాకే ప్రవాసం పంపారు. 1876లో ఇర్కుత్స్క్‌లో చనిపోయాడు. ఒక లెక్చరర్‌గా నేను గైడులో వెతికే పేరు అలెగ్జాండర్‌ది కాదు, ఇతనిది.

సెర్ఫుదనం, కులం ఒకటే అని నేననడం లేదు. దొరా సెర్ఫూ ఒకే మతం, ఒకే చర్చి. అంటరానితనం అక్కడ లేదు. విడుదలైన సెర్ఫు మనవడు పేరు మార్చుకుని పట్నంలో కలిసిపోగలడు. మనకు పట్నంలో ఇల్లు అద్దెకివ్వరు. అయినా ఒక పాఠం రెండు చోట్లా చెల్లుతుంది. భూమి లేని విముక్తి సగంలో ఆగిన విముక్తి. 1947లో "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో బాబాసాహెబ్ భూమి ప్రభుత్వానిది కావాలి, ఉమ్మడి సాగు కావాలి అని రాజ్యాంగంలోనే రాయమన్నది ఇందుకే. కౌలు చట్టాలు భూమే లేని అంటరానివాళ్లకు ఏం చేస్తాయని ఆయన అడిగారు.

చివరి జార్ రెండో నికొలాయ్ గురించి ఈమధ్య జాలి రీళ్లు చాలా తిరుగుతున్నాయి. 1918లో అతని పిల్లల్ని కాల్చి చంపడాన్ని నేను సమర్థించను. కానీ 1896లో అతని పట్టాభిషేక సంబరంలో ఖొదింకా మైదానంలో కానుకల కోసం వచ్చి తొక్కిసలాటలో చచ్చిన వెయ్యి మందికి పైగా పేదలకు రీలు లేదు. ఆ రాత్రే అతను ఫ్రెంచి రాయబారి విందుకు వెళ్లాడు. 2000లో చర్చి అతన్ని పునీతుణ్ని చేసింది.

ఫూలే 1873లో "గులాంగిరి"ని ఎవరికి అంకితమిచ్చారో తెలుసు కదా? నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు. ఏ రాజుకూ కాదు, ఏ అధ్యక్షుడికీ కాదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పరీక్షలో అడిగితే "లిబరేటర్" అని టిక్కు పెట్టండి, మార్కు వదులుకోవద్దు. కానీ హాస్టల్ గదిలో, స్టడీ సర్కిల్లో మాట్లాడేటప్పుడు మార్తీనొవ్, ఇల్యీన్, పెత్రొవ్, ష్చాపొవ్ పేర్లు పలకండి.

షెవ్‌చెంకో ఆ సంతకం పడిన వారానికి పోయాడు. ఆ ప్రకటనను జనానికి చదివి వినిపించింది ఇంకో వారం తర్వాత. 

వచ్చే భాగంలో పుగచోవ్ వెనక నడిచిన బష్కీర్ల గురించి.

జై భీమ్.