ఫిట్స్ వస్తే ముందు గడియారం చూడండి



పోయిన నెల మా గల్లీలో ఒక పిల్లగానికి ఫిట్స్ వచ్చినయి. అందరం ఉరికినం. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టిండ్రు, ఇంకొకరు ఉల్లిగడ్డ వాసన చూపిండ్రు, పండ్ల నడుమ చెంచా పెట్టబోతే నేను ఆపిన. గడియారం మాత్రం ఎవ్వరూ చూడలేదు. "ఎంతసేపు కొట్టుకున్నడు?" అని డాక్టరమ్మ అడిగితే తల్లి రెండు నిమిషాలన్నది, నేను పది అన్న.

డాక్టరమ్మ చెప్పింది రాస్తున్న. చాలామందికి ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతయి. 5 నిమిషాలు దాటితే మందు లేకుండా ఆగుడు కష్టం. ఆలస్యమైనకొద్దీ మందుకు లొంగవు. అరగంట దాటితే మెదడు దెబ్బతినొచ్చు. పిల్లలకైనా, పెద్దలకైనా లెక్క ఒక్కటే.

ఆపే మందులలో మిడాజోలం ఒకటి. ముక్కులో కొట్టే స్ప్రే వస్తది, ఇంట్లనే వాడొచ్చు. డాక్టరు చీటీ ఉండాలె, మోతాదు బరువును బట్టి రాస్తరు. ఎక్కువైతే ఊపిరి మందగిస్తది. అందుకే ఒకరి మందు ఇంకొకరికి వద్దు. ఆస్పత్రిలోనైతే లోరాజెపామ్ నరానికి ఎక్కిస్తరు. కొట్టుకునే చేతికి నరం దొరకదు కదా? 2012లో అమెరికాలో అంబులెన్సుల్లో పరీక్షించిండ్రు. కండకు మిడాజోలం సూది ఇస్తే 100లో 73 మందికి ఆస్పత్రి చేరేలోపే ఫిట్స్ ఆగినయి, నరానికి లోరాజెపామ్ ఇస్తే 63 మందికి. తొందరగా అందిన మందే మేలన్నట్టు.

మరి మనమేం చెయ్యాలె? టైం చూడాలె. పక్కకు తిప్పి పండబెట్టాలె. తల కింద మెత్తటి బట్ట పెట్టాలె. గట్టిగ పట్టుకోవద్దు, నోట్లె నీళ్లు గూడ పొయ్యొద్దు. 5 నిమిషాలు దాటితే స్ప్రే కొట్టి, 108కి ఫోన్ చెయ్యాలె. మొదటిసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా ఆగకుండ ఆస్పత్రికి తీసుకపోవాలె. మన బీదర్‌లో బ్రిమ్స్ పెద్దాస్పత్రి ఉంది.

ఇంకొక మాట. ఆ పిల్లగాని గోళీలు రెండు రోజుల ముందే అయిపోయినయట. "జీతం రాంగనే తెద్దామనుకున్నం" అని తల్లి ఏడ్చింది. గోళీలు ఒక్కసారి ఆపితే ఇట్లనే మీదపడతయి. పైసలు లేకుంటే సిగ్గుపడకుండ పక్కింట్ల అడగండి. నన్నడిగినా సరే.

పిల్లగాడు బాగున్నడు, బడికి పోతుండు. వాళ్లింట్ల ఇప్పుడు గోడగడియారం కింద స్ప్రే డబ్బా ఉంటది.