పైరంగు కింద ఏముంది?

కారు కొన్న మొదటి ఏడాది దానిపై దుమ్ము నిలవనివ్వం. రెండో ఏడాదికి గేటు స్తంభం గీసిన గీత ఒకటి కనిపిస్తుంది. నాలుగైదేళ్ళకు తలుపు కింది అంచున రంగు చిన్నగా పొక్కుతుంది. హెడ్‌లైట్ల అద్దాలు పసుపుబారుతాయి. అప్పుడు ఇంట్లో రెండు ఆలోచనలు బయలుదేరతాయి. ఒకటి, దీన్ని బాగుచేద్దామన్నది. రెండవది, పైన ఇంత రంగు కొట్టి కప్పేద్దామన్నది. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి. ఫలితంలో మాత్రం వాటి మధ్య చాలా దూరం ఉంది. సొంత చేతులతో చిన్న కారుకు మెరుగులు దిద్దుకోవాలనుకునే కుటుంబాల కోసం ఆ దూరాన్ని ఈ నెల వివరించదలిచాం.

ఈ విషయానికి అంతర్వేది కంటే తగిన పాఠశాల మరొకటి ఉండదు. వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోటు అది. లక్ష్మీనరసింహస్వామి ఆలయం, అన్నాచెల్లెళ్ళ గట్టు, దీపస్తంభం చూడటానికి ఏడాది పొడవునా కార్లు వస్తూనే ఉంటాయి. మాఘమాసంలో జరిగే కల్యాణోత్సవానికి వచ్చే వాహనాలకు లెక్కే ఉండదు. కొందరు ఇసుకలోకే కారు దింపి, అలల పక్కన నిలిపి ఫొటోలు తీసుకుంటారు. ఈ ప్రాంతంలోనే నివసించే వారి సంగతి వేరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్ళివచ్చే కారు గాని, పల్లిపాలెం వైపు ఇంటి ముందు నిలిచే కారు గాని రాత్రింబవళ్ళు ఉప్పుగాలిని పీలుస్తూనే ఉంటుంది. కోనసీమలో చాలా ఇళ్ళకు కారు తేలికగా వచ్చిన వస్తువు కాదు. కువైట్‌లోనో, ఖతర్‌లోనో ఇంటి పెద్ద ఏళ్ళ తరబడి చెమటోడ్చి పంపిన సొమ్ము అది. ఆ సొమ్ము తుప్పుగా రాలిపోకుండా చూసుకోవడం ఇంట్లో ఉన్నవారి బాధ్యత.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టడానికి గాలిలోని ఆక్సిజను, నీరు రెండూ కావాలి. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు తేలికగా ప్రవహిస్తుంది గనుక తుప్పు వేగంగా సాగుతుంది. ఉప్పుకు మరొక గుణం కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తానే ద్రవంగా మారుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బాలో నీరు ఊరడం ప్రతి గృహిణికీ అనుభవమే. కారు అడుగున అంటుకున్న ఉప్పు కూడా అదే చేస్తుంది. వాన లేకపోయినా, సముద్రతీరపు రాత్రిగాలిలో ఇనుప రేకు తడిగానే ఉంటుంది.

ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది లోపలి నుంచి రంగును పైకి నెడుతుంది. మనం చూసే పొక్కు అదే. బయట పప్పుగింజంత కనిపించే పొక్కు కింద తుప్పు రూపాయి బిళ్ళంత వ్యాపించి ఉండవచ్చు. దానిపై కొత్త రంగు వేస్తే తుప్పు ఆగదు. మన చూపు మాత్రమే ఆగుతుంది.

ఖర్చు లేని కాపుదల

సముద్రతీరానికి వెళ్ళివచ్చిన రోజునే కారును మంచినీటితో కడగాలి. పైభాగం కంటే అడుగుభాగం, చక్రాల పైనున్న గూళ్ళు, తలుపుల కింది అంచులు ముఖ్యం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో చాలా బోర్లలో ఉప్పునీరే వస్తుంది. ఆ నీటితో కారు కడిగి ఆరబెట్టడమంటే ఉప్పును మళ్ళీ పూయడమే. కాలువ నీరో, పట్టి ఉంచిన వాననీరో మేలు. నీరు కొద్దిగానే ఉంటే ఒక బకెట్టును అడుగుభాగానికి కేటాయించి, పైభాగాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. దుమ్ముపై పొడిగుడ్డ రుద్దకూడదు. ఇసుక రేణువులు రంగును గీస్తాయి.

ప్రతి తలుపు అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో మట్టి పేరుకుంటే వాననీరు తలుపు లోపలే నిలిచి, లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. ఒక కొబ్బరి ఈనెతో నెలకోసారి ఆ రంధ్రాలను శుభ్రం చేయండి. లోపల పరిచిన మ్యాట్లను కూడా ఎత్తి ఆరబెట్టండి. అట్లాగే, కొబ్బరిచెట్టు కింద కారు నిలపవద్దు. నీడకు ఆశపడితే ఎండుమట్టో కాయో పడి పైకప్పు సొట్టపోతుంది. అక్కడ రంగు చిట్లితే ఉప్పుగాలికి కొత్త ద్వారం తెరిచినట్టే.

పొక్కును బాగుచేసే పద్ధతి

రేకుకు చిల్లు పడనంత వరకు, అరచేతి కంటే చిన్న మచ్చను ఇంటి వద్దనే బాగుచేసుకోవచ్చు. మొదట ఆ చోటును షాంపూ నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. చుట్టూ మాస్కింగ్ టేపు అంటించాలి. 80 నంబరు ఎమెరీ కాగితంతో తుప్పును రుద్ది తీయాలి. మెరిసే లోహం కనిపించే వరకు, తుప్పు అంచు దాటి మంచి రంగు దొరికే వరకు రుద్దడం ఆపకూడదు. మచ్చ పెద్దదవుతున్నదని భయపడి మధ్యలో ఆపేవారే ఎక్కువ. మిగిలిపోయిన ఆ కొద్ది తుప్పే ఏడాది తిరిగేలోగా మళ్ళీ పైకి వస్తుంది. తరువాత 180, 320 నంబర్ల కాగితాలతో అంచులను నున్నగా చేయాలి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు.

గుంటల్లో చేయి చేరని తుప్పు మిగిలితే, దాన్ని నల్లని గట్టి పొరగా మార్చే ద్రవం రంగుల దుకాణాల్లో రస్ట్ కన్వర్టర్ పేరుతో దొరుకుతుంది. అది ఆరిన తరువాత ఎపాక్సీ ప్రైమరు వేయాలి. సొట్ట ఉంటేనే ఆ ప్రైమరుపై పలుచగా పుట్టీ పెట్టాలి. పుట్టీ తేమను పీల్చుతుంది. కనుక దానిని నున్నగా రుద్దాక మళ్ళీ ప్రైమరుతో మూసివేయక తప్పదు. తుప్పుపై నేరుగా పుట్టీ పెట్టడం పుండు కడగకుండా కట్టు కట్టడం వంటిది.

కారు రంగుకు కంపెనీ ఇచ్చిన సంకేతం బండిలోనే ఒక చిన్న పలకపై ఉంటుంది. దాన్ని చెప్పి అదే రంగు తెచ్చుకోవాలి. తెలుపులోనే ఎన్నో తెలుపులు ఉన్నాయి. స్ప్రే డబ్బాను జానెడు దూరానికి కొంచెం ఎక్కువగా పట్టుకొని, పలుచని పొరలుగా, ఒక్కొక్క పొరకు పది పదిహేను నిమిషాల వ్యవధి ఇస్తూ వేయాలి. చివర మెరుపు పొర వేయాలి. వాన రోజున గాని, మంచు తగ్గని ఉదయం గాని ఈ పని పెట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే మెరుపు పొర పాలమీగడ రంగుకు తిరుగుతుంది. పొడి గాలి వీచే రోజున, మధ్యాహ్నం ముందు, నీడలో చేయడం శ్రేష్ఠం. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. దగ్గరలో పొయ్యి గాని బీడీ గాని ఉండరాదు.

పసుపుబారిన హెడ్‌లైట్ల విషయం కేవలం అందానిది కాదు. ఆ ప్లాస్టిక్ ఎండకు చెడి వెలుతురును మింగుతుంది. 800, 1500, 2000 నంబర్ల నీటి కాగితాలతో వరుసగా తడిపి రుద్ది, పాలిష్ పెడితే అద్దం తేటపడుతుంది. అయితే కంపెనీ వేసిన రక్షణ పొర దాంతోపాటే పోతుంది. ఎండను అడ్డుకునే పారదర్శక పొర మళ్ళీ వేయకపోతే కొన్ని నెలల్లోనే పసుపు తిరిగి వస్తుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వచ్చే మెరుపు ఇంకా త్వరగా పోతుంది.

చేయకూడని పనులు

కొన్ని పనులకు మన చేయి చాలదు. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి భాగం, సీటు బిగించిన నేల, చక్రాలను మోసే కమ్మీలు బిగించిన చోట్లు తుప్పు తింటే అది రంగు పని కాదు. ప్రమాదం జరిగినప్పుడు లోపలివారిని కాపాడే ఎముకలు అవి. వెల్డింగు తెలిసిన టింకరింగ్ మేస్త్రీకే చూపించాలి. బ్రేకు గొట్టాల సంగతీ అంతే. జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందకు దూరడం ప్రాణాంతకం. అదనపు దీపాలకు, హారన్లకు ఉన్న వైర్లను కోసి అతికించడం వల్ల కార్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

అలంకరణలోనూ హద్దులున్నాయి. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. 2019 సవరణ ప్రకారం, నిషిద్ధమైన ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని విధించవచ్చు. కారు రంగును పూర్తిగా మార్చాలంటే రిజిస్ట్రేషను పత్రంలో ఆ మార్పు నమోదు కావాలి. ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. ఎదురుపడిన పాదచారికి అవి మరింత గాయం చేస్తాయి. ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోవడానికి కూడా అడ్డురావచ్చు.

మన కుటుంబాల్లో కొందరు పర్దా కోసమని అద్దాలకు నల్ల ఫిల్ము అంటిస్తారు. ముందు వెనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలన్నది నియమం. అద్దాలపై నల్ల ఫిల్ములు అంటించడాన్ని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిషేధించింది. రాత్రివేళ కాలువగట్టు రోడ్డుపై పక్కనుంచి వచ్చే సైకిలు ఆ నల్లదనంలో కనిపించదు. పర్దా వస్త్రంలోనూ చూపులోనూ ఉంటుంది. దానికోసం మరొకరి ప్రాణాన్ని పణం పెట్టనవసరం లేదు. ముందు అద్దానికి వేలాడదీసే తస్బీహ్ గురించి కూడా ఇదే మాట చెబుతాం. ఊగుతూ చూపును అడ్డగించే చోట దానికి మర్యాద లేదు. జేబులో ఉంచుకుంటే దాని పని అది చేస్తుంది. సీటులోనే ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లకు మామూలు సీటు కవర్లు తొడగకండి. డ్రైవరు కాళ్ళ దగ్గర జారే మ్యాటు వేయకండి. అది బ్రేకు పెడలు కింద ఇరుక్కుంటుంది.

అమ్మే రోజు

ఇంతవరకు చెప్పినది మన కారును మనం వాడుకునే విషయం. అసలు పరీక్ష దానిని అమ్మే రోజున వస్తుంది. పాత కారు అమ్మబోయే ముందు రంగు వేయించడం మన ఊళ్ళలో ఆనవాయితీ. శుభ్రంచేసి, గీతలు చెరిపి అమ్మడంలో తప్పు లేదు. నేల రేకు తుప్పుతో జల్లెడైతే, దానిపై పుట్టీ నింపి, నల్లరంగు పూసి, కొత్త మ్యాటు పరిచి అమ్మడం వేరు. కొనేవాడు తన భార్యాబిడ్డలను ఆ రేకుపైనే కూర్చోబెడతాడు.

అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన దైవప్రవక్త (స) వేళ్ళకు లోపలి తడి తగిలిన ఉదంతం పాఠకులకు తెలిసినదే. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనబడేలా ఆ తడి గింజలను పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. వర్తకుడు గింజలను తడపలేదు. వాన తడిపింది. అయినా తడిని కింద దాచిన బాధ్యత అతనిదే అయింది. తుప్పు కూడా మనం పట్టించినది కాదు, ఉప్పుగాలి పట్టించినది. దాన్ని పుట్టీ కింద దాచే చేయి మాత్రం మనది.

కనుక అమ్మేవారు లోపమున్న చోటును తామే ముందుగా చూపించాలి. మరమ్మతు చేయించి ఉంటే చేయకముందు తీసిన ఫొటోలు, మేస్త్రీ రసీదులు దాచి ఉంచి కొనేవారికి ఇవ్వాలి. ధర కొంత తగ్గవచ్చు. తగ్గిన ఆ సొమ్ము నిజానికి మనది కాదు.

కొనేవారు కూడా కళ్ళు తెరిచి కొనాలి. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల వెంట జరపండి. పుట్టీ మందంగా ఉన్న చోట అది పట్టు వదులుతుంది. మ్యాట్లు ఎత్తండి. డిక్కీలో స్టెప్నీ తీసి గుంటలోకి చూడండి. నేలను పిడికిలితో తట్టండి. గట్టి రేకు మోగుతుంది, కుళ్ళిన రేకు పొడిగా పలుకుతుంది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆపైన తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ గడువు దగ్గరపడిన కారుకు కొత్త రంగు మిలమిలలాడుతుంటే మరింత నిదానించండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా బాగా చూసుకున్న ఆ చిన్న కార్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వయసు కారును చంపదు. పొక్కు కనిపించిన రోజున దానిని గీకి చూడకపోవడమే చంపుతుంది.

ఈ వారం తీరిక చేసుకొని, వెలుతురు ఉండగానే, ఒక కొబ్బరి ఈనె, ఒక టార్చిలైటు చేతపట్టుకొని మీ కారు తలుపుల కింది అంచులను ఒకసారి పరిశీలించండి. ఇంట్లో పిల్లలను కూడా వెంట పిలవండి. పైమెరుపు చూసి తృప్తిపడకుండా అడుగున ఏముందో వంగి చూసే అలవాటు వారికి కారు విషయంలోనే గాక అంతటా ఉపకరిస్తుంది.