‘ఫ్యామిలీ హిస్టరీ’ గడిలో ఏం రాశారు?

క్యాంపస్‌లో సెలక్ట్ అయ్యారు, ఆఫర్ లెటర్ వచ్చింది. దాని వెనకే మెడికల్ ఫామ్ వస్తుంది. అందులో ఒక గడి ఉంటుంది: ‘కుటుంబంలో గుండె జబ్బు ఉందా?’ ఆరేళ్ల కింద నేను ‘లేదు’ అని టిక్ పెట్టేశాను. అప్పటికి మా నాన్నకు స్టెంట్ వేసి రెండేళ్లయింది. 49 ఏళ్లకే వేయాల్సి వచ్చింది. నిజం రాస్తే ఉద్యోగం పోతుందేమోనని నా భయం. కంపెనీలు ఆ ప్రశ్న అడగడమే సబబు కాదంటాను, అది వేరే పంచాయితీ. కానీ ఆ ‘లేదు’ను మెల్లగా నేనే నమ్మేశాను చూడండి, అసలు తప్పు అక్కడ జరిగింది.

మాది బోధన్. తాత షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. తాత అంతకు ఇరవై ఏళ్ల ముందే, 52 ఏళ్లకు, డ్యూటీ దిగి ఇంటికొచ్చి మంచంలో ఒరిగిపోయాడు. ‘గ్యాస్ పట్టి పోయిండు’ అంటుంది నానమ్మ ఇప్పటికీ. మన దిక్కు చాలా ఇళ్లలో ఇదే కథ. గ్యాస్ అంటారు, ఎండదెబ్బ అంటారు, దిష్టి అంటారు. గుండె అన్న మాట మాత్రం రాదు. కాబట్టి ఈసారి ఇంటికెళ్లినప్పుడు అడగండి: ఎవరు, ఏ వయసులో, ఎట్లా పోయారు? నాన్నకో అన్నకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కకో 65లోపు గుండెపోటు వచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు.

‘ఇరవై రెండేళ్లకు నాకెందుకు ఇదంతా?’ అంటారా? కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను డాక్టర్లు పరీక్షించి 1953లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 22. నలుగురిలో ముగ్గురికి గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు అప్పటికే ఉన్నాయి. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, బాకీ మీద మిత్తి లాంటిది. ఏళ్లు గడిచేకొద్దీ రక్తనాళాల గోడల్లో పేరుకుపోతుంది. కొందరికి ఆ మిత్తి రేటు పుట్టుకతోనే ఎక్కువ. సుమారు 250 మందిలో ఒకరికి ఇలా జన్యుపరంగా వస్తుంది. తల్లికో తండ్రికో అది ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. సన్నగా ఉన్నాను, రోజూ క్రికెట్ ఆడుతున్నాను అంటే అది వినదు.

భారత కార్డియాలజీ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లకే మొదటి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోవాలి. ఇంట్లో చిన్న వయసు గుండె జబ్బులుంటే ఇంకా ముందే. మొదటిసారికి పరగడుపున వెళ్లక్కర్లేదు కూడా. ఖర్చు కొన్ని వందలు, ఒక మాక్ టెస్ట్ సిరీస్ ఫీజు అనుకోండి. జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్-ఏ పరీక్ష కూడా చేయించమంటారు. అది చాలావరకు వంశం నుంచి వచ్చేదే.

నేను 25వ ఏట నిజామాబాద్ ఖలీల్‌వాడిలో చేయించుకున్నాను. ఎల్‌డీఎల్ 188 వచ్చింది. 100 లోపు ఉండాల్సింది. డాక్టర్ ముందు మాత్రం అబద్ధం చెప్పలేదు, తాత సంగతి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఇప్పుడు ఆయన రాసిన మాత్ర వేసుకుంటున్నాను. టీ కొట్టు దగ్గర దోస్తులతో కాల్చే సిగరెట్ మానేశాను. నిజానికి మాత్ర కంటే అదే కష్టమైంది.

మా తమ్ముడు బీటెక్ ఫైనలియర్. వాడికీ టెస్ట్ చేయించమని ఏడాదిగా చెప్తున్నాను. ‘ప్లేస్‌మెంట్స్ అయిపోనీ అన్నా’ అంటున్నాడు. ఈ ఆదివారం నేనే బండి మీద ఎక్కించుకుని తీసుకుపోతున్నా.