చెరువు మర్యాద

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువుకడ ఒక శిలాశాసనము గలదు. విజయనగర రాజకుమారుడగు భాస్కర భవదూరుడు ఆ చెరువును నిర్మించి క్రీ.శ. 1369లో వేయించినదది. మంచి చెరువునకు వలయు పండ్రెండు అంగములను, దానికి ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము లెక్కించి చెప్పినది. ఆ దోషములలో నొకటి, నీరు అధికమై నేల స్వల్పమగుట. ఆనాడది సేద్యమును గూర్చిన మాట. ఆరువందల యేండ్లు గడచిన పిమ్మట నగరమును గూర్చిన మాట యైనది. వాన తెచ్చు నీరు తగ్గలేదు; ఆ నీరు నిలుచు నేలయే తగ్గిపోయినది.

హైదరాబాదు నగరమును చూచినచో ఈ సంగతి తేటపడును. ఈ పీఠభూమిపై చెరువులు ఒంటరిగా పుట్టలేదు. ఎగువ చెరువు నిండి అలుగు పారగా ఆ నీరు వాగు వెంట దిగువ చెరువును చేరును; అది నిండి మరియొకదానిని చేరును. గొలుసుకట్టు చెరువులను పేరు అందువలననే కలిగినది. గొలుసులో నొక లంకె తెగిన గొలుసంతయు వ్యర్థము. ఇట్టి చెరువుల అంచులకు, వాగుల ఒడ్డులకు నేడు వర్తక భవనములు, కార్యాలయ సౌధములు, వివాహ మండపములు పోటీపడి వచ్చుచున్నవి. చెరువు కనబడు గదికి అద్దె యెక్కువ. కనుక యజమానులకు చెరువు కావలెను. చెరువు స్వభావము మాత్రము అక్కరలేదు.

వారు మొదట చేయు పని లారీలతో మట్టి తెచ్చి పల్లమును మెరక చేయుట. తరువాత సెల్లారు త్రవ్వుదురు. అందు ఊరు నీటిని మోటారులతో రేయింబవళ్లు వీధిలోనికి తోడిపోయుదురు. బండ్లు నిలుపుటకు సిమెంటు పరచి, మిగిలిన చోట పచ్చిక పరచి, దానికి ఉద్యానవనమని పేరిడుదురు. ఒక యెకరము నేల ఇట్లు గట్టిపడినచో, 10 సెంటీమీటర్ల వాన కురిసిన నాడు దానిపై పడు నీరు సుమారు 4 లక్షల లీటర్లు. మునుపు ఆ నీటిలో కొంత తుంగదుబ్బుల నడుమ నిలిచి, కొంత యింకి, మిగిలినది మెల్లగా సాగెడిది. ఇప్పుడది గొట్టముల వెంట ఒక్కసారిగా వీధికి దుముకుచున్నది. తన వాకిలి పొడిగా నున్నదని యజమాని సంతసించును. నీరు మాయమైపోలేదు, దిగువ బస్తీవాని గడప నెక్కినది, అంతే.

దీనికి నియమములు లేవా? ఉన్నవి. ఉమ్మడి రాష్ట్రమున 2012లో వెలువడిన భవన నిర్మాణ నియమములు, 10 హెక్టార్లును అంతకు మించినవియు నగు చెరువుల హద్దునకు 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు విడువవలెనని విధించినవి. అట్లు విడిచిన నేలను ఆవరణలోని ఖాళీ స్థలముగా లెక్కించుకొనుటకు అనుమతియు నిచ్చినవి. చెరువు కొరకు విడిచిన నేల అంగడి తోటగా మారుటకు ఇట్లు త్రోవ యేర్పడినది. ఇక 2017 నాటి కేంద్ర ప్రభుత్వపు చిత్తడి నేలల నియమములు, సేద్యము కొరకు, త్రాగునీటి కొరకు మనుష్యులు నిర్మించిన జలాశయములను ఆ నిర్వచనము నుండి తొలగించినవి. తెలుగు దేశమందలి చెరువులలో హెచ్చు భాగము పూర్వులు సేద్యము కొరకు కట్టినవే. కొంగకు, తుంగకు, తాబేటికి అది చిత్తడి నేల. నియమమునకు మాత్రము కాదు!

తోట వేయరాదని ఎవరును అనరు. ఎట్టి తోట యనునదే ప్రశ్న. పచ్చికకు వేయు ఎరువు వానకు కరగి చెరువు చేరి గుర్రపుడెక్కకు మేతయగును. అదే చోట నేలను పళ్లెమువలె కొంచెము లోతుచేసి, అందు తుంగ, జమ్ము, వట్టివేరు నాటి, గట్టున ఏరుమద్ది, నేరేడు, కానుగ పెంచినచో, వాననీరు కొంతసేపు నిలిచి, మడ్డి దిగి, తేటపడి చెరువు చేరును. బండ్లు నిలుచు చోట నూనె కలిసిన నీటిని ముందుగా ఒక తొట్టిలో నిలిపి తేర్చవలెను. ఇంకుడు గుంత యొకటి త్రవ్వి ధర్మము తీరినదనుకొనుటయు పొరపాటే. చెరువంచున ఊటనీరు పైపైననే యుండును. లోతు గుంత వానకు ముందే నిండును. అచ్చట వలసినది లోతు కాదు, వెడల్పు. అన్నిటికంటె ముఖ్యము, మురుగు గొట్టమును వాననీటి కాలువలో కలుపకుండుట.

‘ఇంత విలువగల నేలను తుంగకు విడుచుటెట్లు? అనుమతి పొంది, రుసుము చెల్లించియే కట్టుకొంటిమి గదా!’ యని వర్తకులందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అనుమతి నిచ్చినవారిని విడిచి కట్టినవానినొక్కనినే నిందించుట ధర్మము కాదు. కాని అనుమతి పత్రమును చదువుటకు నీటికి అక్షరములు రావు. నీరు పల్లమెరుగునని సామెత.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్నది. ఆ పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువన నీటికి నిలుచు చోటు కల్పించిరి. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. వరదకు మందు నీటిని తరుముట కాదు, నిలుపుట యని ఆ తరము ప్రాణములు ధారపోసి నేర్చిన పాఠమది. 2020 అక్టోబరు వానలకు చెరువులు గండ్లు పడి బస్తీలు మునిగిన నాడు, ఆ పాఠమును నగరమెంతగా మరచినదో వెల్లడియైనది. ఆనాడు బియ్యపు డబ్బాలు, పిల్లల పుస్తకములు నీటిపై తేలిన యిండ్లు చెరువందము చూచుటకు కట్టుకొన్నవి కావు.

చెరువు త్రవ్వించుటను పెద్దలు సప్తసంతానములలో నొకటిగా, కన్నకొడుకుతో సమముగా ఎంచిరి. నేడు వర్తకుని క్రొత్త చెరువు త్రవ్వింపుమని ఎవరును కోరుటలేదు. ఉన్న చెరువు హద్దు నెరిగి, తన ఆవరణలో పడిన వానకు అచ్చటనే కొంతసేపు చోటిమ్మని మాత్రమే కోరుచున్నారు. మర్యాద యను మాటకు హద్దు అనియు నర్థము గలదు. హద్దు దాటినవాడు మర్యాద తప్పినవాడే; అతని వాకిట తోట యెంత పచ్చగానున్నను.