గుడ్డుకు కావలి, తల్లికి వల

తాబేలు పిల్లలను కడలిలోకి విడిచే ఫొటోలు చూసి మురిసిపోతున్నాం. ఆ వెనుక శ్రమ ఎవరిది? శ్రీకాకుళం, విశాఖ తీరాలలో జనవరి మొదలు రాత్రివేళ ఇసుకలో నడిచి, కుక్కలూ నక్కలూ తవ్వకముందే ఆలివ్ రిడ్లే గుడ్లు సేకరించి, కంచెలోపల మళ్లీ పూడ్చి, 45 నుండి 60 రోజులు కావలి కాసేవారిది. వారిలో చాలామంది మత్స్యకార యువకులే. నిందంతా ఆ పల్లెల మీద మోపే పట్టణ పండితులకు ఈ సంగతి పట్టదు.

ఒడ్డున గుడ్డును కాస్తే నీట తల్లి బతుకుతుందా? ఊపిరికై పైకి రావలసిన ప్రాణి ట్రాలర్ వలలో చిక్కి ఉక్కిరిబిక్కిరై చస్తుంది. అది తప్పించుకొనే సాధనాన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏనాడో రూపొందించింది. రొయ్యలు జారిపోతాయని బిగించరు! వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలు చెవికెక్కలేదు గాని, 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను నిషేధించగానే అందరికీ వినబడింది.

ఇక వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తల్లులు ముఖ్యంగా వచ్చేది జనవరి–మార్చి నెలలలో. ఏ పంచాంగం చూసి పెట్టిన ముహూర్తమో!

శ్రీకూర్మంలో కూర్మనాథుని కొలిచే జాతి మనది. పిల్లలను విడిచే వేడుకకు విచ్చేసే అధికారులను నేను కోరేది ఒక్కటే: ముందు రేవుకు వెళ్లి వలలు తనిఖీ చేయండి.