ఆ పట్టికలో రెండో ఫీజు ఏది?



ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను ఫీజు, న్యాక్ గ్రేడు, కోర్సుల సంఖ్య ప్రకారం పోల్చుతూ మీ పత్రిక గతవారం వేసిన వ్యాసాన్ని, అందులోని పట్టికను చదివాను. పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకు ఆ వివరాలు చాలవు. ఒకచోట దారి తప్పిస్తాయి కూడా.

ఫీజు సంగతే తీసుకోండి. మా అమ్మాయి ఎమ్మెస్సీలో చేరేటప్పుడు ప్రకటనలో చూసిన ఫీజు వేరు, కౌన్సెలింగ్ రోజున కట్టమన్నది వేరు. రెగ్యులర్ సీట్లు అయిపోయాయి, సెల్ఫ్ ఫైనాన్స్ సీటే ఉంది అన్నారు. అదే గది, అవే పాఠాలు, అదే పట్టా. ఫీజు మాత్రం ఎన్నో రెట్లు. హాస్టలు, మెస్ బిల్లు, పరీక్ష ఫీజు దానిపైన. మీ పట్టికలో ఈ రెండో ఫీజు లేనే లేదు.

గ్రేడు గురించీ చెప్పాలి. 1994లో ఏర్పడిన న్యాక్ ఇచ్చిన గ్రేడు విద్యాసంస్థ మొత్తానిది. ఇంజనీరింగులో ఒక్కో కోర్సుకు విడిగా గుర్తింపు ఇచ్చేది ఎన్‌బీఏ. ఏ ప్లస్ ప్లస్ వచ్చిన చోటైనా, మన పిల్ల చేరే శాఖలో పర్మనెంటు అధ్యాపకులు ఎందరున్నారో ఆ గ్రేడు చూస్తే తెలియదు. నా మట్టుకు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

మీ వ్యాసంలో దూరవిద్యను ఒక్క వాక్యంతో తోసేశారు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునేల మీదే పుట్టింది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు అలాంటిదే ఆసరా.

వచ్చే అడ్మిషన్లలోపు రెండు రకాల ఫీజులూ, శాఖలవారీగా అధ్యాపకుల ఖాళీలూ చేర్చి ఆ పట్టికను మళ్లీ వేయండి.

– ఒక విద్యార్థిని తండ్రి, అనకాపల్లి