తెర విశాలం, దారి ఇరుకు

న్యూఢిల్లీ: ఇంట్లో టీవీ ఎంత ఖరీదైనదైనా, బొమ్మను మోసుకొచ్చే ఇంటర్నెట్ మార్గం ఇరుకైనదైతే ప్రయోజనం అంతంతమాత్రమే. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో ఈ సంగతి తేటతెల్లమైంది. నెట్‌వర్క్‌లపై ఒత్తిడి పెరగడంతో నెట్‌ఫ్లిక్స్, హాట్‌స్టార్ తదితర సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లపై తమ ప్రసారాలను ఏప్రిల్ 14 వరకు 480పి స్థాయికి పరిమితం చేసేందుకు అంగీకరించాయి.

480పి అంటే చిత్రంలో 480 అడ్డుగీతలు. ఫుల్ హెచ్‌డీలో ఇవి 1080 కాగా, 4కెలో 2160. అయితే గీతల సంఖ్య ఒక్కటే నాణ్యతను నిర్ణయించదు. సెకనుకు ఎంత సమాచారం చేరుతున్నదన్నదీ అంతే ముఖ్యం. వేగం తగ్గినపుడు బొమ్మ ఆగిపోకుండా ప్రసారం తనంతట తానే కింది స్థాయికి దిగుతుంది. 4కె టీవీ కొన్నవారికి సైతం ఒక్కోసారి మసక బొమ్మ కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం.

ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 5 మెగాబిట్లు, 4కెకు 15 మెగాబిట్ల వేగం ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తున్నది. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2004 విధానంలో 256 కిలోబిట్లుగా నిర్ణయించగా, 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచారు. అంటే ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకునే కనెక్షన్ ఫుల్ హెచ్‌డీకి సైతం చాలదు. 2022 నాటికి ప్రతి పౌరునికీ 50 మెగాబిట్ల వేగం అందించాలన్నది 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం పెట్టుకున్న లక్ష్యం.

నగరాల్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి ఈ అంతరం అంతగా తెలియకపోవచ్చు. ఫైబర్ చేరని ఊళ్లలో మాత్రం కనీస వేగమే వినియోగదారునికి మిగిలిన భరోసా. ఆ భరోసా 2 మెగాబిట్ల వద్దే ఆగితే, టీవీ పెట్టెపై రాసిన 4కె అక్షరాలు అలంకారప్రాయమే.